మత్తు పేషెంటుకియ్యాల

పుంగనూరులో మా పక్కింటి సిస్టరమ్మ మంగళవారం పొద్దున గుండెపోటుతో పోయింది. ఆమె ఇచ్చిన ఫిర్యాదు ఇంకా పరిశీలనలోనే ఉంది.

కుప్పంలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసేది. సెలవుకు ఇంటికొచ్చినా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే అన్నం వడ్డించేది. నేను నవ్వితే, "ఇది ఇల్లా ఆస్పత్రా అని చేతులకేం తెలుస్తాదప్పా?" అనేది. మా పిల్లల జ్వరాలు సగం ఆమె చూసుకున్నవే.

ఒక సాయంత్రం అక్కడి సర్జన్ తాగి సిజేరియన్‌కు వచ్చాడు. ఈమె థియేటర్ తలుపుకు అడ్డంగా నిలబడింది. "మత్తు పేషెంటుకియ్యాల సార్, మీకు కాదు" అన్నది. ఊళ్లోనే ఉన్న ఇంకో డాక్టరును పిలిపించారు. తల్లీబిడ్డా బతికారు. సిస్టరమ్మ ఉద్యోగం పోయింది.

మత్తులో వైద్యం చేస్తే డాక్టరు పేరును మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్ నుంచి తొలగించవచ్చు. ఆమె అడిగింది అదొక్కటే. "ఆయప్ప ఇంగొకరి కడుపు కొయ్యకూడదు, అంతే." సర్జన్ రిజిస్ట్రేషన్ పక్క రాష్ట్రంలో ఉంది. ఇక్కడి కౌన్సిల్ ఆఫీసు అక్కడ అడగమంది. అక్కడివాళ్లు, జరిగింది ఇక్కడ కాబట్టి ఇక్కడే తేల్చుకోమన్నారు. విలేఖరిగా నేను రెండు చోట్లా అడిగాను. రెండు చోట్లా "పరిశీలనలో ఉంది" అన్నారు.

ఒక గుమస్తా ఆమెనే నిలదీశాడట, నర్సుగా నీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించావా అని. చేయించింది. మదనపల్లె బస్టాండులో టీ తాగుతూ ఆ సంగతి చెప్పింది.

"నా పేరు రిజిస్టర్లో ఉండాదా లేదా అని సూసినారప్పా. ఆయప్ప పేరు ఇంగా యాల ఉండాదో మాత్రం సూడల్యా."

అంత కోపంలోనూ నా గ్లాసు వైపు చూసి, "కడిగినారో లేదో, తాగేసినావే!" అని తిట్టింది.

ఆ సర్జన్ బుధవారం పూలదండతో వచ్చాడు. పాత సిస్టర్ అన్న మర్యాద కాబోలు. ఎవరో కుర్చీ వేశారు. సిస్టరమ్మ చెల్లెలు మొహం తిప్పుకుంది. పాడె లేపమన్నారు. నేనూ ఒక భుజం పట్టాను.

కదులుతుండగా వీధిలో ఒకామె గొంతు వినిపించింది. "సార్, మా కోడలికి నెలలు నిండినాయి. కుప్పానికి పిల్చుకు రమ్మంటారా?"

"రాండమ్మా, సూస్తాను."

మలుపులో తల తిప్పి చూశాను. ఆమె పక్కనున్న కోడలు ఆయనిచ్చిన కార్డును కొంగున ముడివేసుకుంటోంది.