చెక్ వాల్వు తీసేసిన చలికాలం

కొండవాలు మీదున్న ఒతారు ఊళ్ళో చదునైన వీధి కావాలంటే సముద్రం ఒడ్డుకి దిగాల్సిందే. నారుమి ప్రసూతి ఆసుపత్రి నిలువు వాలు మీద ఉంది. వీధిలోంచి గుమ్మం దాకా అరవై అడుగుల ర్యాంపు, దాని పక్కన కార్లు నిలిపే జాగా. రెండింటి కాంక్రీటు కిందా గొట్టాలు పరిచి, చలికి గడ్డకట్టని మందు కలిపిన వేడినీళ్ళు తిప్పుతారు. పడిన మంచు పడినట్టే కరిగి కాలవలోకి పోతుంది. ఆ బాయిలరునీ పంపుల్నీ ఇరవై ఆరేళ్ళుగా చూసుకుంటున్న మనిషి ఇతాగాకి కినుయో.

ఆమె మొదట చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. అది మూతపడ్డాక ఒక బాయిలర్ల కంపెనీలో ఫోన్లు ఎత్తే పనికి కుదిరింది. ఒక చలికాలం మనుషులు చాలక మేస్త్రీ ఆమెని వెంట తీసుకెళ్ళి, "ఈ గొట్టం మీద చెయ్యి పెట్టి ఉంచు, వేడెక్కితే చెప్పు, అంతే నీ పని" అన్నాడు. ఆమె మూడు గొట్టాలు తడిమి, మధ్యదాంట్లో నీళ్ళు కదలడం లేదంది. నిజంగానే కదలడం లేదు. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఫోను దగ్గర కూర్చోలేదు. మీటర్లు వచ్చాక కూడా గ్లౌజు తీసి గొట్టం ముట్టుకోందే ఏ మాటా అనేది కాదు. కుడి అరచేతిలో కాలిన మచ్చలు నాలుగున్నాయి.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం డాక్టర్ నారుమి ఫోన్ చేసేసరికి కినుయో పక్క వీధిలోనే ఉంది.

"ఇతాగాకి-సాన్, ర్యాంపు తెల్లబడిపోతోంది. కవలలు కడుపులో ఉన్న ఒకామెకి రక్తం ఆగడం లేదు. పెద్దాసుపత్రికి పంపాలి. అంబులెన్సు ముప్పావుగంటలో వస్తానంది. అది ర్యాంపు ఎక్కగలదా?"

"వస్తున్నాను, డాక్టర్ గారూ."

ర్యాంపు మీద మంచు సగం కరిగి మళ్ళీ గడ్డకట్టి అద్దంలా ఉంది. పార పట్టుకున్న నర్సు ఒకావిడ అప్పటికే జారిపడి మోకాలు పట్టుకుని కూర్చుంది. స్ట్రెచరు మోసుకుని ఆ వాలు దిగడం ఎవరివల్లా కాదు.

బాయిలర్ గదిలో కంపెనీ ఇంజనీరు కషివాయా అప్పటికే వచ్చి ఉన్నాడు. కినుయో కంటే పదేళ్ళు చిన్నవాడు, డ్రాయింగులు గీసేది అతనే.

"బాయిలరు బాగానే ఉంది. ర్యాంపు పంపు తిరుగుతోంది. పార్కింగు పంపు పొద్దున్నుంచి ఆపే ఉంచాను, ఈ చలికాలంలో ఇదే మొదటిసారి. ఇంత మంచులో బాయిలరు రెండింటికీ చాలదు కదా. ఇంకేం చెయ్యాలో నాకు తోచడం లేదు," అన్నాడు.

కినుయో గ్లౌజులు తీసింది. ర్యాంపుకి వెళ్ళే గొట్టం ముట్టుకుంది. కాలాల్సింది, నులివెచ్చగా ఉంది. పార్కింగు గొట్టం మీద చెయ్యి వేసింది. పంపు ఆపేశారు కాబట్టి అందులో నీళ్ళు కదలకూడదు, గది చలువే ఉండాలి. కానీ అది ఎముకలు కొరికేంత చల్లగా ఉంది, చేతి కింద సన్నగా వణుకుతోంది.

ఆమెకి అర్థమైంది. ర్యాంపు తిరిగి వచ్చిన నీళ్ళు అన్నీ బాయిలర్లోకి పోవడం లేదు. సగం పార్కింగు గొట్టాల్లోకి వెనకనుంచి దూరి, మంచు కింద చల్లారి, ఆగి ఉన్న పంపులోంచి ఎదురొచ్చి వేడినీళ్ళలో కలుస్తున్నాయి.

వాటిని ఆపేది ఆ పంపు పక్కనుండే చెక్ వాల్వు. నీళ్ళని ఒకవైపే పోనిచ్చి వెనక్కి రానివ్వదు. మొన్న శరత్కాలంలో అది తుప్పుతో మూసుకుని బిగుసుకుపోయింది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. "పంపు తోసేది ముందుకే కదా, వెనక్కెందుకొస్తాయి? తీసేసి నేరుగా గొట్టం వేసెయ్యండి," అన్నాడు కషివాయా. ఒకే పంపు ఉన్న చోట ఆ మాట నిజమే. ఇక్కడ పంపులు రెండు, ఒకటి ఆగితే రెండోది తోసే నీళ్ళు దానిలోంచి వెనక్కి వస్తాయి. ఆ సంగతి కినుయోకి తెలుసు. కానీ ఆరోజు ఇంకా నాలుగు చోట్లకి వెళ్ళాలి. తీసేసింది. కొత్తది తెప్పించకుండానే, పని పూర్తయిందని కాగితం మీద సంతకం పెట్టింది.

"నీళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి," అంది.

కషివాయా ఆ గొట్టం తాకి చూసి చెయ్యి లాగేసుకున్నాడు. "పార్కింగు లైను కట్టేద్దాం."

చేతివాల్వు తిప్పారు. పిడి తేలిగ్గా తిరిగింది, వణుకు మాత్రం ఆగలేదు. పిడికీ లోపలి మూతకీ మధ్య ఉండే కాడ తెగిపోయింది.

"బయట పెట్టె ఉంది," అంది కినుయో. "ఒక్కో గొట్టం విడిగా కట్టొచ్చు."

పార్కింగు మూల ఆ ఇనప పెట్టె మీద పక్కకి తోసిన మంచు నడుమెత్తు ఉంది. ఇద్దరూ పారలతో తవ్వారు. మూత గడ్డకట్టి రాలేదు. కషివాయా పలుగుతో నాలుగు దెబ్బలు వేస్తే లేచింది. లోపల ఆరు వాల్వులు. కినుయో బోర్లా పడుకుని ఒక్కొక్కటే బిగించింది. నాలుగోది మొరాయించింది. రెంచి జారి వేళ్ళ కణుపుల చర్మం లేచిపోయింది.

"నన్ను తిప్పనివ్వండి," అన్నాడు కషివాయా.

"నువ్వు లోపలికెళ్ళి గొట్టం పట్టుకుని ఉండు. వణుకు ఆగితే కేకెయ్యి."

ఆరోది బిగిసిన కాసేపటికి అతని కేక వినబడింది. అప్పటికి పావుగంట గడిచింది.

ర్యాంపుకి వేడి ఎక్కడానికి మరో పావుగంట పట్టింది. ఆ పావుగంటా నర్సులూ ఆఫీసు గుమాస్తా పలుగులు పట్టుకుని నిలబడ్డారు. కొడితే మంచు చిట్లుతోంది గానీ ఊడటం లేదు. అంబులెన్సు మోత దిగువ వీధిలో వినబడింది. కినుయో ర్యాంపు మధ్య మోకాళ్ళ మీద కూర్చుని మంచు అంచు కింద వేళ్ళు పెట్టింది. తడి తగిలింది.

"ఇప్పుడు కొట్టండి. చక్రాలు పట్టే మేర చాలు."

మంచు పలకలు పలకలుగా లేచింది. అంబులెన్సు ఒకసారి జారి, మళ్ళీ పట్టు దొరికి పైకెక్కింది. స్ట్రెచరు పక్కనుంచి పోతుంటే కినుయో ఆ తల్లి మొహం చూసింది. రక్తం లేక పాలిపోయి ఉంది. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి.

రాత్రి ఎనిమిదింటికి కబురొచ్చింది. ఇద్దరూ ఆడపిల్లలు, బతికారు. తల్లికి రెండోసారి ఆపరేషను చెయ్యాల్సి వచ్చింది గానీ ప్రాణానికి భయం లేదు.

మర్నాడు కషివాయా రిపోర్టు రాసుకొచ్చాడు. చేతివాల్వు పాతబడి పాడైందని మాత్రమే ఉంది. "ఇది అబద్ధం కాదు కదా," అన్నాడు కిందికి చూస్తూ.

"కాదు. సగం నిజం," అంది కినుయో. కాగితం తీసుకుని డాక్టర్ నారుమి గదికి వెళ్ళింది. వెనకే కషివాయా కూడా వచ్చాడు.

"చెక్ వాల్వు తీసింది నేను, డాక్టర్ గారూ. తియ్యకూడదని తెలిసి తీశాను."

"తియ్యమన్నది నేను," అన్నాడు కషివాయా.

డాక్టరు రిపోర్టు చదివి బల్ల మీద పెట్టింది. తర్వాత, "నిన్న మధ్యాహ్నం నేను ఆ తల్లి భర్తతో ఫోన్లో మాట్లాడుతూ ఉన్నాను. ఏం చెప్పాలో తెలియలేదు," అంది. "మిమ్మల్ని ఇప్పుడే క్షమించలేను ఇతాగాకి-సాన్. కానీ బాయిలరు పని ఇంకొకళ్ళకి ఇవ్వను. ఆ వాల్వు మళ్ళీ ఎప్పుడు బిగిస్తారు?"

"ఇవాళే. వేరే ఆసుపత్రి స్టోర్లో ఒకటి ఉంటే అడిగి తెచ్చాను."

ఆ సాయంత్రం దాన్ని బిగించి, పార్కింగు గొట్టం మీద చెయ్యి పెట్టి అరగంట కూర్చుంది. చచ్చినట్టు పడుంది గొట్టం. ఆ చలికాలమంతా తను సంతకం పెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటే తిరిగింది. రెండు పంపులుండీ చెక్ వాల్వు లేనివి మూడు దొరికాయి. వాటిలో రెండు చోట్ల వాల్వు తీసింది ఆమె కాదు. మూడింటికీ తనే బిగించింది.