ఒక్క మోత కాపాది

అగ్లాయా ల్వోవ్నా నోరు మూయించిన రోజున కాపా చేతిలో ఉన్నది సూపు గరిట ఒక్కటే. దాన్ని ఆమె ఎత్తను కూడా ఎత్తలేదు. అంత అవసరం పడలేదు.

లెనిన్‌గ్రాడ్‌లోని ఆ ఉమ్మడి వాటా వంటింట్లో ఏడు కుటుంబాల కిరోసిన్ స్టవ్వులు ఒక్కసారే బుసకొడుతున్నాయి. ఇంటి మేనేజరు ప్రోఖర్ సెమ్యోనిచ్ కిటికీ గట్టు మీద కూర్చుని, ఎవరో మర్యాదకి పెట్టిన క్యాబేజీ కూరిన రొట్టె తింటున్నాడు. కొత్తగా పెళ్లయి ఆ వాటాలోకి వచ్చిన ఫేన్యా బంగాళాదుంపల తొక్క తీస్తూ, తల ఎత్తకుండా చెవులు మాత్రం అటు పడేసింది.

తగువు తలుపు గంట గురించి. అంత వాటాకీ ఒకటే తలుపు, ఆ తలుపుకి ఒకటే గంట. బయట ఇత్తడి పిడి తిప్పితే లోపల గణగణమంటుంది. ఒక్కసారి తిప్పితే అగ్లాయా ల్వోవ్నా కోసం, రెండుసార్లయితే దర్జీ కోసం, అలా పోగా పోగా అయిదు మోతలు కాపా కోసం. ఒకరి మోతకి ఇంకొకరు తలుపు తీయరు. తీస్తే దాన్ని ఎవరూ సాయం అనుకోరు, ఆరా అనుకుంటారు. పక్కవాళ్ల చుట్టం గడ్డకట్టే చలిలో గుమ్మం ముందు నిలబడి చచ్చినా సరే, అది తన మోత కాదు కాబట్టి ఎవరి సూపు వాళ్లు కలుపుకుంటూ ఉంటారు. ఆ ఇంట్లో పరువుగా బతకడమంటే అదే.

"అయిదు మోతలంటే ఏమిటో మీకు తెలీదు ప్రోఖర్ సెమ్యోనిచ్," అంది కాపా. "నాకోసం వచ్చినవాడు మూడు తిప్పేసరికి చెయ్యి నొప్పెట్టి వెళ్లిపోతాడు. మిగతా ఆరిళ్ల వాళ్లూ నోట్లో ముద్ద ఆపుకుని లెక్కపెడుతూ కూర్చోవాలి. జడ వేసుకునే వయసు నుంచీ ఈ తలుపు తీస్తున్నదాన్ని నేను. ఒక్క మోత నాకివ్వండి."

"కపితోలీనా సవ్విష్నా," అంది అగ్లాయా ల్వోవ్నా, కాపాని నిండు పేరుతో పిలుస్తూ, చాలా మెల్లగా. "రెండు కావాలంటే దర్జీగారిని నేను బతిమాలతాను. ఒకటి మాత్రం ఉండనివ్వండి."

"ఎందుకో?"

"అలవాటైపోయింది."

"దొరసానిగారికి అలవాటట." కాపా అందరివైపూ తిరిగింది. "నాకు మాత్రం అయిదు అలవాటు కావచ్చు. మా అమ్మకి మీ ఇంటి బట్టలు ఉతకడం అలవాటైనట్టు."

దర్జీ పెళ్లాం కిసుక్కుమంది. అగ్లాయా ల్వోవ్నా ఇంకా ఏదో అనబోయింది. అప్పుడు కాపా గరిట గిన్నెలో పెట్టేసి, చేతులు ముందుగుడ్డకి తుడుచుకుని, పసిపిల్లని బుజ్జగించే గొంతుతో అడిగింది.

"ఇంతకీ మీ ఇంటికి ఒక్క మోత మోగించుకుంటూ వచ్చేదెవరండీ ఇప్పుడు? ఎవరికోసం ఎదురుచూస్తున్నారో మేనేజరుగారికి చెప్పండి. చెప్తే ఇప్పుడే వదిలేస్తాను."

అంతకుముందు శరదృతువులో అగ్లాయా ల్వోవ్నా కొడుకు గ్లేబ్‌ని రహస్య పోలీసులు వచ్చి కారెక్కించుకుని తీసుకుపోయారు. ఆనాటి నుంచి అతని పేరు ఆ వాటాలో ఎవరూ పలకలేదు. ప్రజల శత్రువని ముద్రపడినవాడు తిరిగొస్తాడని మేనేజరు ముందు అన్న తల్లికి, మర్నాటికి గది ఉంటుందో ఉండదో. ఆమె కూడా ఉంటుందో ఉండదో.

"ఎవరికోసమూ కాదు," అంది అగ్లాయా ల్వోవ్నా.

"మరింక పేచీ ఏముంది?"

ప్రోఖర్ సెమ్యోనిచ్ వేళ్లు నాక్కున్నాడు. "అయిదు మోతలూ మోతలే కదమ్మా. చెవులు బాగానే ఉన్నాయిగా మీకు?"

మర్నాడు ఫేన్యా మొగుడు తీఖన్ తలుపు మీద ఎవరికెన్ని మోతలో రాసిన చెక్కపలక దింపి, పేర్లు మార్చి రంగువేశాడు. ఒకటి కాపాది. అయిదు అగ్లాయా ల్వోవ్నాది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర నీళ్ల చప్పుడు చాటున అగ్లాయా ల్వోవ్నా ఫేన్యాతో అంది: "వాడికి పాతదే తెలుసమ్మా. ఎప్పుడొచ్చినా ఒకటే తిప్పుతాడు. ఆమె తీస్తుందంటావా?"

"తీయక ఏం చేస్తుందండీ," అంది ఫేన్యా. "ఎత్తుకుని పెంచిన చెయ్యేగా."

ఎత్తుకుని పెంచిన మాట నిజం. ఆ ఇల్లు కట్టించినవాడు ఒక కలప వ్యాపారి. అడవులు నరికి సంపాదించినవాడికి రాతి మీద మోజెక్కువ. వీధివైపు గోడంతా రాతి ఆడవాళ్లని నిలబెట్టించాడు. ఒక్కొక్కతీ ఒక్కో బాల్కనీని నెత్తిన మోస్తూ ఉంటుంది. బరువు మొయ్యడం, నోరెత్తకపోవడం చూసి ఆ వీధివాళ్లు వాళ్లకి కోడళ్లని పేరు పెట్టారు. మెట్ల దారికి పాలరాయి, పాలరాతి మీద ఎర్ర తివాచీ, తివాచీ జారకుండా మెట్టుమెట్టుకీ ఇత్తడి కమ్మీ. ఆ మెట్లు అద్దెకున్న పెద్దమనుషులకి. పనివాళ్లకి పెరటివైపు ఇనుప మెట్లు, పిల్లుల కంపు. దొరలు ముందు దారిన ఎక్కి తినే రొట్టె, వెనక దారినే వంటింట్లోకి చేరేది.

కాపా పుట్టింది ఆ ఇంటి నేలమాళిగలో, చాకిరేవు గదిలో. తల్లి ఉతికేది అగ్లాయా ల్వోవ్నా మెట్టినింటివాళ్లయిన వెరీగిన్ల బట్టలు. మూడో అంతస్తు మొత్తం వాళ్లదే అప్పట్లో. ఒకనాడు చిన్నపిల్ల కాపా తివాచీ మెత్తదనం ఎలా ఉంటుందో చూద్దామని ముందు మెట్ల మీదుగా ఎక్కింది. మూడో అంతస్తు దాకా ఎక్కాక పెద్ద వెరీగినా, అంటే అగ్లాయా ల్వోవ్నా అత్తగారు, చెవి పట్టుకుంది. కొట్టలేదు. బకెట్టు తెప్పించి, పిల్ల కాలు పెట్టిన ప్రతి మెట్టూ పిల్లచేతే కడిగించింది. కొత్తకోడలు అగ్లాయా, తడి తగలకుండా పావడా అంచు ఎత్తి పట్టుకుని పక్కనుంచి దిగి వెళ్లింది. కాపాకి జీవితాంతం గుర్తున్నది బకెట్టు కాదు, ఆ ఎత్తిపట్టుకున్న అంచు.

తర్వాత గ్లేబ్ పుట్టాడు, కాపాని ఆడించడానికి పెట్టుకున్నారు. వాడు స్కూలు నుంచి వస్తే తలుపు తీసేది ఆమే. గంట పిడి వాడికి అందేది కాదు. మునివేళ్ల మీద నిలబడి సగం తిప్పి, జారిపోతుంటే పట్టుకుని, అప్పుడు మిగతా సగం తిప్పేవాడు. అందుకని వాడి మోత మధ్యలో ఊపిరి ఆగినట్టు ఆగేది. ఎదిగి మీసాలొచ్చాక కూడా అలాగే తిప్పేవాడు. ఆ చప్పుడు వినగానే కాపా చేతిలో పని వదిలేసి పరిగెత్తేది.

విప్లవం వచ్చాక వాటాని ముక్కలు చేశారు. పెద్ద హాలుకి మధ్యలో చెక్క గోడ కొట్టి ఇటుపక్క కాపాకీ, అటుపక్క వెరీగిన్లకీ ఇచ్చారు. హాలు పైకప్పు మీద సున్నంతో చేసిన రెక్కల పిల్లవాడున్నాడు. గోడ సరిగ్గా వాడి బొడ్డు మీదుగా పోయింది. తలా రెక్కలూ కాపాకి వచ్చాయి, కాళ్లు అగ్లాయా ల్వోవ్నాకి.

"మీ వైపు వాడికి కాస్త లాగు తొడిగించండి, సిగ్గేస్తోంది," అని కాపా గోడ అవతలికి వినపడేలా అంటుండేది.

ఇక ఆ గెలుచుకున్న ఒక్క మోత సంగతి. గెలిచిన ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి, కాపాకోసం ఎవరూ రాలేదు. ఆమెకి చుట్టాలు లేరు. స్నేహితులని నిలవనిచ్చే నోరు కాదది. ఒకే ఒకసారి ఒక మోత మోగింది. కాపా తలకి గుడ్డ మార్చుకుని మరీ వెళ్లి తీసింది. ఎవడో పై అంతస్తు వాడికోసం వచ్చి పొరపాటున తిప్పాడు. వాడిని మెట్లదాకా తిట్టి పంపింది. కానీ వారం పొడుగునా వంటింట్లో "నాకోసం వచ్చేవాళ్లతో తెమలడం లేదు" అంటూ తిరిగింది. దర్జీ పెళ్లాం నవ్వు ఆపుకోలేక బయటికి పోయేది.

తర్వాత యుద్ధం, నగరం చుట్టూ జర్మన్ల ముట్టడి. ఆ చలికాలం గురించి లెనిన్‌గ్రాడ్ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. తివాచీ కమ్మీలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు మెట్ల కొయ్య కటకటాలు పోయాయి, గచ్చు చెక్కలు పోయాయి, పుస్తకాలు పోయాయి. తలుపు మీద పేర్ల పలక కూడా రేకు పొయ్యిలోకి పోయింది. వీధివైపు ఒక గుండు పడి నడిమి కోడలి ముఖం ఊడిపోయింది. బాల్కనీని మాత్రం ఆమె వదల్లేదు.

ఆకలికి అగ్లాయా ల్వోవ్నా మంచం దిగలేని స్థితికి వచ్చినప్పుడు కాపా ఆమె గదిలోకి వెళ్లి కుర్చీ ఎత్తుకుంది. ఫేన్యా గుమ్మంలో ఉంది.

"కూర్చునే కుర్చీ పిన్నీ అది," అంది ఫేన్యా.

"పడుకునే మనిషికి కుర్చీ ఎందుకు? నీకూ వెచ్చదనం కావాలిగా, ఓ కాలు పట్టు."

అగ్లాయా ల్వోవ్నా దుప్పట్ల లోంచి, "కాపా, ఒక్క మోత మోగితే..." అంది. కపితోలీనా సవ్విష్నా అనలేదు. పాతకాలంలో పిలిచినట్టు కాపా అంది.

"మోగితే నాకోసమే మోగుతుంది," అంది కాపా. "మీవి అయిదు. మరిచిపోయారా?"

కుర్చీ రెండు రోజులు కూడా మండలేదు. అది ఆరకముందే అగ్లాయా ల్వోవ్నా పోయింది. ఫేన్యా, కాపా కలిసి ఆమెని పిల్లల మంచు బండి మీద పెట్టి లాక్కెళ్లారు. ముందు మెట్ల మీదుగానే దించారు. కాపా బండి తాడు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆమెకి చుట్టిన దుప్పటి అంచు మెట్లకి రాసుకోకుండా ఎత్తి పట్టుకుంది. అది మర్యాదో వెక్కిరింతో ఫేన్యాకి ఆనాడూ తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు.

యుద్ధం అయ్యాక మధ్య గోడ తీసేశారు. పైకప్పు మీది పిల్లవాడు తలా కాళ్లతో సహా కాపా సొంతమయ్యాడు.

ఆ తర్వాత రెండో వసంతంలో ఒక సాయంత్రం ఫేన్యా కిరోసిన్ డబ్బా మోసుకుంటూ మెట్లెక్కుతోంది. పైనుంచి ఒక మనిషి దిగుతున్నాడు. దూది కుట్టిన కోటు, చేతిలో కొయ్య పెట్టె, నోట్లో ముందు పళ్లు లేవు. నిర్బంధ శిబిరాల నుంచి వచ్చిన అలాంటివాళ్లకి నగరంలో ఉండే అనుమతి ఉండదు. చూసి పోవడానికి దొంగచాటుగా వస్తారంతే. అతను కమ్మీలు పోయిన మెట్ల మీద కాలు వెతుక్కోకుండా, అలవాటైనవాడిలా దిగుతున్నాడు.

"మూడో అంతస్తులో ఎవరూ ఉండటం లేదా అమ్మా?"

"లేకపోవడమేం, ఇంటినిండా జనమే. ఎన్నిసార్లు తిప్పారు?"

"ఒకటి. చాలాసేపు ఆగి మళ్లీ ఒకటి."

ఆ ఇంటివాళ్లు ఎవరైనా చెప్పే జవాబే ఫేన్యా కూడా చెప్పింది. నాలుక ముందు కదిలింది, బుర్ర తర్వాత. "ఒకటైతే కాపా పిన్నిది. ఆమె ఇంట్లోనే ఉందే, పొద్దుటి నుంచీ గడప దాటలేదు."

అతను రాతిగోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఒక్క మోత కాపాదా ఇప్పుడు?"

"అవును, చాలా ఏళ్లయింది."

"అయితే సరే," అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. తల్లి గురించి కూడా అడగలేదు. అడగడానికి ఏముంది, ఆ మోత తల్లిది కాదంటే ఆమె లేనట్టే, అంతా ఫేన్యా చెప్పేసిందిగా.

ఫేన్యా డబ్బాతో పైకి వెళ్లింది. నడవాలో చీకట్లో, తలుపుకి ఎదురుగా, పెట్టె మీద కాపా కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, రైలు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

"ఎవరో వచ్చారు పిన్నీ."

"నాకోసం కాదు."

"ఒక్కటే తిప్పానన్నాడు."

"నాకు చెవులున్నాయి. ఎలా తిప్పాడో కూడా విన్నాను." కాపా లేచింది. "నీకు అంత జాలిగా ఉంటే పరిగెత్తు. తల్లిని ఏ గోతిలో పడేశామో నువ్వే చూపించు. కుర్చీ సంగతి కూడా చెప్పు, ఓ కాలు నువ్వూ పట్టావు."

ఫేన్యా డబ్బా అక్కడే వదిలేసి దిగింది. వీధిలో ట్రాము అప్పుడే మలుపు తిరిగింది. ముఖం లేని కోడలు బాల్కనీ మోస్తూ నిలబడి ఉంది. ఇంకెవరూ లేరు.

అతను మళ్లీ రాలేదు. కాపా అతని మాట ఎత్తలేదు. ఇంకెవరైనా ఎత్తితే సూపు కుండ విసిరేసేది, ఒకసారి విసిరింది కూడా. దర్జీ కుటుంబం కొత్త ఫ్లాట్లకి వెళ్లిపోయింది. వెళ్తూ దర్జీ పెళ్లాం, "మా రెండు మోతలు కూడా నువ్వే ఉంచుకో కాపా, మూడవుతాయి," అంది. ఆ ముసలిదాని మాటలకి జవాబు చెప్పకుండా ఊరుకోవడం కాపాకి అదే మొదటిసారి.

చివరికి కాపాకి కాళ్లు పడిపోయాయి. మంచంలోంచి పైకప్పు మీది పిల్లవాడిని చూస్తూ పడుకునేది. గోడ తీసేసిన చోట వాడి నడుముకి అడ్డంగా పగులు ఉండిపోయింది. ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ పైకి తేలేది. ఫేన్యా పొద్దున్న గోధుమ జావ తినిపించి, తలగడ సర్దేది. తిట్లు కూడా రోజూ ఉండేవి, జావ పల్చగా ఉందనో, వేడిగా ఉందనో.

ఒకరోజు తిట్టలేదు. గిన్నె పక్కకి నెట్టింది.

"బయటికి వెళ్లు ఫేన్యా."

"ఎక్కడికి పిన్నీ?"

"తలుపు బయటికి. వెళ్లి గంట తిప్పు. ఒకటే తిప్పు. సగం తిప్పి, జారుతున్నట్టు కాస్త ఆపి, అప్పుడు మిగతాది తిప్పు."

"నువ్వు లేవలేవు పిన్నీ."

"లేస్తానో లేవనో నీకెందుకు? తాళం తీసుకెళ్లకు. తిప్పి అక్కడే నిలబడు. నేనొచ్చి తీసేదాకా ఎక్కడికీ వెళ్లకు."

ఫేన్యా తాళాలు బల్ల మీద పెట్టింది.