మా పాము మామూలుది కాదు

కొత్తకోటలో బస్సు ఆగితే దిగి చాయ్ తాగుతాను. గాజు గ్లాసు వేళ్లకు చురుక్కుమనగానే దాన్ని కొంచెం వంచి చూస్తాను. ఈగ పడిందేమో అనుకుంటారు పక్కవాళ్లు. నాకు గుర్తొచ్చేది సరోజ డాక్టరమ్మ. నా రక్తాన్ని గాజు గొట్టంలో పోసి ఆమె అలాగే వంచి చూసేవారు.

అమరచింత అవతల మా దొరల గడీలో ఇప్పటికీ నిటారుగా ఉన్నవి ఒక గోడ, నేను. ఒక ఉదయం ఆ గోడ పక్కనే రక్తపింజర నా పాదాన్ని కరిచింది. వనపర్తిలో దవాఖానకు చేరాను. రక్తం గడ్డకట్టడం లేదని చూసి డాక్టరమ్మ సెలైన్‌తో విరుగుడు మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి నొప్పి తగ్గింది. పక్క మంచంలో కొత్తకోట రైతు నర్సింహ గురక పెడుతున్నాడు. అతన్ని కరిచిందీ రక్తపింజరే. మా వంశంలో ఎవరూ పదిమంది మధ్య పడుకోలేదు. కర్ర అందుకుని లేచాను.

"ఎటు పోతుండ్రు సార్?" అన్నారు డాక్టరమ్మ.

"ఇంటికి. మందు పనిచేసింది."

"ఎవరు చెప్పిండ్రు? ఆ మందు ఎక్కడో తమిళనాడు దిక్కు పాముల విషంతోని చేస్తరు. జాతి ఒక్కటే గని, జాగ మారితే విషం గూడ మారుతది. మీ గడీ పాము మామూలుదా? గింత మందుకే లొంగుతదా? సాయంత్రం మల్ల రక్తం చూడాలె."

కూర్చున్నాను. పరాయి ఊరి మందుకు మా పాము అంత తేలిగ్గా లొంగడం నాకూ సబబుగా తోచలేదు.

సాయంత్రం ఆమె గొట్టం వంచారు. రక్తం నీళ్లలా జారింది. "ఇంటికి పోయుంటే లోపల్లోపలే రక్తం కారుతుండె" అన్నారు. ముఖంలో నవ్వు లేదు. మళ్లీ మందు ఎక్కించారు. నర్సింహ రక్తం మాత్రం గడ్డకట్టింది.

"మా పాము ఓడిపాయె దొరా" అంటూ అతను దిగులుగా సంచి సర్దుకోబోయాడు.

"ఎవరు చెప్పిండ్రు నర్సింహా? మీ కొత్తకోట పాము మామూలుదా? పొద్దుగాలకు మల్ల లేస్తదేమో! జర పండుకో."

నర్సింహ నా వైపు గర్వంగా చూసి పడుకున్నాడు.

మర్నాడు నా రక్తమూ గడ్డకట్టింది. అమరచింతకూ కొత్తకోటకూ విషంలో అంత తేడా ఉంటుందో లేదో డాక్టరమ్మకూ తెలియదు. తెలియదు కాబట్టే మమ్మల్ని కాక గొట్టాన్ని నమ్మారు.

ఆమె ఎప్పుడో బదిలీ అయి వెళ్లారు. మా వైపు ఎవరిని పాము కరిచినా ఇప్పుడు దవాఖానకు నేనే వెంట వెళతాను. నొప్పి తగ్గిందని లేచేవాణ్ని భుజం పట్టి కూర్చోబెట్టి, "మీ ఊరి పాము మామూలుదా?" అంటాను. ఇంతవరకు ఒక్కడూ కాదనలేదు. మా గడీ పాము సంగతి మాత్రం వాళ్ల దగ్గర ఎత్తను. పాపం, చిన్నబుచ్చుకుంటారు.