దొరగారు జరిగిన బల్ల

చంద్రపూర్ దగ్గర ఫిరంగి గుండ్లు చేసే కర్మాగారం గేటు ముందు బల్ల మీద, లోపలున్న మా బావమరిది కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. బల్లకు ఆ చివర సూటు వేసుకున్న ఇంగ్లండు దొరగారు ఎండకు కరిగిపోతున్నారు. రవి అస్తమించని సామ్రాజ్యం వారిదే గానీ, ఆ రవే ఇక్కడ వారి కాలరు పిండుతున్నాడు.

మా ఇద్దరి మధ్య, ఇక్కడి బొగ్గు గనుల బస్తీ లాల్‌పేట్‌లో ఉండే మన తెలుగు లక్ష్మి. ఆమెది ఈ కర్మాగారంలోనే కాంట్రాక్టు పని. గేటు పాసు గడువు తీరింది. ఈ రోజు కొత్తది రాకపోతే పని పోతుంది.

“గీ దొర ఎందుకొచ్చిండు సార్?” అంది.

“వాళ్లకు గుండ్లు తక్కువ పడ్డాయట. మనల్ని అడగడానికి వచ్చాడు.”

“అబ్బో! మా ముత్తాత బొగ్గు తవ్వుతాంటే గీ దొరలు కుర్సీలేసుకొని చూసిండ్రట. జర జరుగు దొరా!”

ఆమె చేతి సైగ చూసి దొర “సారీ” అంటూ జరిగాడు. నా ఛాతీ ఉప్పొంగి చొక్కా గుండీ ఒకటి లండన్ దాకా ఎగిరింది.

అంతలో గార్డు పరుగెత్తుకొచ్చి, దొరకు సెల్యూట్ కొట్టి లోపలికి తీసుకెళ్లాడు. వెంట లేచిన లక్ష్మిని మాత్రం “తుమ్హీ థాంబా” అని మరాఠీలో ఆపేశాడు.

లక్ష్మి మళ్లీ కూలబడింది. “గుండ్లు అడగనీకి వచ్చినోడు లోపలికి పాయె. గుండ్లు చేసేదాన్ని నేను గీడనే ఉంటి.”

నేను వంగి, ఎగిరిపోయిన గుండీ వెతుక్కోసాగాను.