యాభై ఎనిమిది ముక్కలు, పావెకరం వరి

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది సెప్టెంబరు పదమూడు, సోమవారం. ఆ రోజు రెండు దండయాత్రలు మొదలయ్యాయి. ఒకటి భారత సైన్యం హైదరాబాదు మీద చేసింది, రెండోది నేను మా బావి దగ్గరి నూనె ఇంజను మీద చేశాను. రెండూ శుక్రవారానికి ముగిశాయి. మొదటిదాన్ని గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. రెండోదాన్ని చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి సిగ్గు విడిచి రాస్తున్నాను. రెండెకరాల వరి, పీపాలో పదకొండు వేళ్ల లోతు నూనె, రెండు శేర్ల చింతపండు, ఒక కొత్త కోడలి పరువు ఇందులో పణంగా ఉన్నాయి. ఏది ఎంత మిగిలిందో చివర లెక్క చెబుతాను.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. మావారు నిజాం మీద పోరాటానికి ఎండాకాలంలోనే సరిహద్దు క్యాంపుకు వెళ్లిపోయారు. వెళ్లే ముందు ఇంజనుకూ పంపుకూ మధ్య ఉండే తోలు పట్టాను విప్పి గరిసెలో వడ్ల కింద దాచారు. పట్టా లేని ఇంజను ఉత్త ఇనుము, రజాకార్లు వచ్చినా ఎత్తుకుపోరని ఆయన నమ్మకం. వానలు పడినన్నాళ్లు దాని అవసరం రాలేదు. సెప్టెంబరులో వానలు మొహం చాటేశాయి. వరి పొట్ట మీద ఉంది. ఇబ్రహీంపట్నం చెరువు నీళ్లు మా మిట్టకు ఎక్కవు, బావే దిక్కు. ఆ పంట పోతే ఏడాదంతా గంజే.

ఇంట్లో అత్త, నేను. పొలంలో ఆ వానాకాలమే చేరిన జీతగాడు మల్లయ్య. ఇంజను బాగుచేసే మేస్త్రీ పట్నంలో, అంటే హైదరాబాదులో ఉంటాడు, దారులన్నీ మూసేశారు. ఇక మిగిలిన ఇంజనీరు ఎవరు? నాలుగో తరగతి చదివి, మా మేనమామ రైసుమిల్లును గుమ్మంలో నిలబడి రెండుసార్లు చూసిన నేనే!

సోమవారం పొద్దున్నే గరిసెలోంచి పట్టా తీసి, వడ్ల దుమ్ము దులిపి, ఇంజను చక్రానికీ పంపు చక్రానికీ తగిలించాను. చాపకు అంచు కుట్టినంత తిన్నగా, ఎక్కడా వంకర లేకుండా. నాకు వంకర చూస్తే కన్ను నొప్పి పుడుతుంది.

సద్ది తెచ్చిన అత్త ఆగి చూసింది. "ఏమే, గా పట్టా ముందుగాల జర..."

"అత్తమ్మా, నీకు ఇంజన్లు ఎర్కనా?"

"నాకేడ ఎర్క? రాట్నం తిప్పుకునేదాన్ని."

"మరి సద్ది ఆడ పెట్టి పో."

బావి నీళ్లు అందుకోవడానికి ముందుగా పంపులో పద్నాలుగు బిందెల నీళ్లు నింపాం. మల్లయ్య హ్యాండిల్ తిప్పాడు. ఇంజను దబదబమంటూ లేచింది. అప్పుడే తల మీదుగా విమానాలు కూడా పోయాయి. పక్క చేలో కలుపు తీస్తున్నవాళ్లు ఏది ఏ చప్పుడో తేల్చుకోలేక, రెంటికీ కలిపి ఒకేసారి జొన్నల్లో పడుకున్నారు.

మధ్యాహ్నం దాకా నడిపాం. గొట్టం మూతిలోంచి ఒక కప్ప బయటికి వచ్చింది. నీళ్లు రాలేదు. పీపాలో పుల్ల ముంచి చూస్తే తొమ్మిది వేళ్లు.

మల్లయ్య తల గోక్కున్నాడు. "ఇంజను మంచిగనే నడుస్తుంది గద పటేలమ్మా!"

"నడుస్తుంది, గుంజుతలేదు. ఎద్దు నడిచి గుంజకపోతే ఏమంటం?"

"కడుపుల రోగమంటం."

"గంతే!"

చూశారా, ఎంత చక్కని తర్కం! ఆ తర్కంతోనే మంగళవారం ఇంజను కడుపు కోశాను. యాభై ఎనిమిది ముక్కలు వచ్చాయి. ఒక్కొక్కటీ వరసగా గోనెపట్టా మీద పేర్చి, బొగ్గుతో అంకెలు వేశాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లను చూసి లోకం నవ్వుతుంది కానీ, వాళ్లకు ఎలుకైనా దొరికింది. నాకు మసి దొరికింది.

మసే రోగమని తేల్చాను. మా ఇళ్లలో మసికి ఒకటే మందు. బుధవారం పొద్దున రెండు శేర్ల చింతపండు నానేసి, బూడిద కలిపి, బోనం బిందెలు తోమినట్టు యాభై ఎనిమిదింటినీ తోమాను. ముఖం కనిపించేలా మెరిశాయి. ఆ మెరుపులో నా బొగ్గు అంకెలు కూడా పోయాయని తోమడం అయ్యాక తెలిసింది.

"నా చింతపండు!" అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇనుముకు పులుసు వోస్తవానే? సరే గానీ, నా మాట జర ఇను. గా పట్టాకు..."

"పట్టాకు ఏం రోగం లేదత్తమ్మా. రోగం కడుపులున్నది."

గుర్తున్నంత వరకు బిగించాను. యాభై ఎనిమిది విప్పాను, యాభై ఎనిమిదీ ఎక్కించాను, ఒక్క మర కూడా మిగల్లేదు. మళ్లీ పద్నాలుగు బిందెలు. ఇంజను ఈసారి ఇంకా హుషారుగా లేచింది. నీళ్లు మాత్రం రాలేదు. ఆరు వేళ్లు.

గురువారం మళ్లీ విప్పాను, మళ్లీ బిగించాను, మళ్లీ నడిపాను. మూడు వేళ్లు. వరి ఆకులు కొసల నుంచి చుట్టుకుపోతున్నాయి. మల్లయ్య నాతో మాట్లాడడం మానేశాడు. బిందెలు మోసీ మోసీ అతని భుజం వాచింది.

శుక్రవారం సాయంత్రం. మూడోసారి విప్పడానికి పానా పట్టుకున్నాను. కళ్లలో నీళ్లు. ఆ వారమంతా మా పొలంలో కనబడిన నీళ్లు అవే. గట్టు మీద అత్త నిలబడి ఉంది.

"ఏడుస్తున్నవా?"

"చెమట."

"అయిపోయిందా నీ ఇంజనీరు?"

"అయిపోయింది."

"ఇగ నేను మాట్లాడొచ్చునా?"

తల ఊపాను.

"నా రాట్నం తాడుకు మెలి వెడ్తే కదురు ఎటు తిరుగుతది?"

"ఉల్టా."

"మెలి తీస్తే?"

పానా కింద పెట్టి పట్టా వైపు చూశాను.

"గీ పట్టాకు నా కొడుకు మెలి వెట్టి ఏస్తుండె. నువ్వు సాపు జేసినవ్. సోమారం సంది పంపు ఉల్టా తిరుగుతుంది. బావిలకెల్లి నీళ్లు గుంజమంటే, బావిలకే నూకుతుంది."

"సోమారమే ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

"చెప్పనిచ్చినవా?"

మల్లయ్య పట్టా తీసి, మధ్యలో ఒక్క మెలి పెట్టి తగిలించాడు. పద్నాలుగు బిందెలు పోసి, హ్యాండిల్ తిప్పాడు. గొట్టం రెండుసార్లు దగ్గి, భళ్లున నీళ్లు కక్కింది.

సరిగ్గా అప్పుడే ఊరి వైపు నుంచి కేకలు, డప్పులు, ఈలలు! మా నీళ్ల సంగతి ఊరికి ఇంత తొందరగా ఎలా తెలిసిందా అని ఒక్క క్షణం ఉబ్బిపోయాను. మల్లయ్య పరుగెత్తి వెళ్లి, పరుగెత్తి వచ్చాడు.

"పటేలమ్మా! పట్నం లొంగిపోయిందంట!"

అత్త నా వైపు చూసింది. "ఇంకెవరన్న లొంగేటోళ్లున్నరా?"

వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాను. నా చేతి మసి ఆమె పాదాలకు అంటింది. "చింతపండుతోని కడుగు," అంది.

ఇక మాట ఇచ్చిన లెక్క. మిగిలిన మూడు వేళ్ల నూనెతో ఎకరం ముప్పావు తడిసింది. చివరి మడి చేరకముందే పీపా ఖాళీ అయి, ఆ పావెకరం ఎండిపోయింది. చింతపండు సున్న. పరువు సున్న. ఇంటికి తిరిగొచ్చిన మావారికి అత్త పొలం చూపిస్తూ, ఆ మడి దగ్గర ఆగి, "గిది ఇంజనీరమ్మ చెక్క," అంది. నేటికీ ఊళ్లో దాని పేరు అదే.

ఇన్నేళ్ల తర్వాత, తేదీ వేసి, పూర్తి స్పృహతో శపథం చేస్తున్నాను. ఏ యంత్రం కడుపు కోయబోయినా, పక్కన ఉన్న ముసలిదాని మాట ముందు వింటాను. దీన్ని నిలబెట్టుకోవడం ఇప్పుడు నాకు బహు తేలిక. మా ఇంట్లో ముసలిదాన్ని నేనే. నిన్న పొద్దున మనవడు మిక్సీ విప్పి ముక్కలు పరుస్తుంటే, "ఒరే, ముందుగాల గా వైరు..." అన్నాను.

"నానమ్మా, నీకు మిక్సీలు ఎర్కనా?" అన్నాడు.