తడి గోడలో తీగ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. కొత్తపేటలో ఇందిరాదేవి ఇంటి బాత్రూంలో షవర్ కింద ఉబ్బిన టైల్స్ ఊడగొడుతున్నాడు మేస్త్రి మట్టయ్య. చెమ్మ పట్టిన గోడలోంచి గీజర్ తీగ బయటపడింది. తొడుగు ఊడి రాగి కనిపిస్తోంది. మట్టయ్య ఉలి ఆపాడు. అతని బావమరిది ఇలాంటి తడి గోడ ముట్టుకునే పోయాడు.

"అమ్మా, మెయిన్ బంద్ చేసిన్రా?"

"కరెంటే లేదుగా మేస్త్రీ!"

అంతలో హాల్లో ఫ్యాన్ తిరిగింది. మట్టయ్య ఉలి వదిలేసి బయటికి దూకాడు. ఇందిరాదేవి పరుగెత్తి మెయిన్ దించేసింది.

"అయ్యో, ఎంత పని జరిగేది!" అంటూ ఆమె ఇచ్చిన నీళ్లు మట్టయ్య గడప మీదే కూర్చుని తాగాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ తీగ మార్చాక, మట్టయ్య కారుతున్న పైపు బాగుచేసి, గోడకు వాటర్‌ప్రూఫ్ పూత పూసి, కొత్త టైల్స్ అతికించాడు. గోడ మళ్లీ చెమ్మెక్కలేదు. మట్టయ్యకు మాత్రం చాలాకాలం తన ఇంట్లో స్విచ్చు నొక్కాలన్నా చెయ్యి ముందుకు రాలేదు.