కొత్త స్పీకర్లలో మా పెళ్లి

ఇరవై ఎనిమిది వేల స్పీకర్లను ఇరవై రెండున్నర వేలకు లాక్కొచ్చిన మొనగాణ్ని చోడవరం మొత్తం మీద నేనొక్కణ్నే. వైర్లు ఊరికే. అంత గొప్ప బేరంతో నా కాపురానికి నేనే ఎలా ఎసరు పెట్టుకున్నానో చెబుతాను, వినండి.

మా తాతది బెల్లం కొట్టు, నాన్నది కిరాణా కొట్టు. మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు పెదవి విరవడం వస్తుంది. అనకాపల్లి కొట్టులో ఆ స్పీకర్లు విని లోపల గంతులేస్తూనే, పైకి మాత్రం కషాయం తాగినవాడిలా మొహం పెట్టాను.

"సౌండు పల్చగా ఉంది కదండీ," అన్నాను.

"పల్చన కాదు బాబూ, క్లియరు. ఇందులో ఏదీ దాగదు," అన్నాడు కొట్టాయన.

ఆ మాటకు భయపడాల్సింది. ఇంకో ఐదొందలు తగ్గించమన్నాను.

ఇంటికి తెచ్చి తగిలించాను. పాత స్పీకర్లలో గాయని దుప్పటి కప్పుకుని పాడేది. వీటిలో మా సోఫాలో పక్కన కూర్చుని పాడింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"ఆవిడికి జలుబు సేసినట్టుంది బావా, అదీ తెలుస్తంది," అన్నాడు మా బావమరిది శ్రీను.

ఆ పొగడ్తకు ఉబ్బి, "మా పెళ్లి వీడియో పెడతానుండు," అన్నాను. ఎవరూ అడగలేదు, గమనించండి.

సన్నాయి మోగింది. నా భార్య సుజాత కళ్లు తుడుచుకుంది. పురోహితుడి మంత్రం గంట కొట్టినట్టు వినిపించింది. పదహారేళ్లుగా ఆ మంత్రం వెనక గుసగుసగా ఉన్న శబ్దం ఈసారి మాటలైంది. అక్షింతలు వేయడానికి వంగిన బట్టల కొట్టు సత్యం బాబాయితో పెళ్లికొడుకు, అంటే నేను, అంటున్నాను.

"బాబాయ్, తలంబ్రాల చీరకి కుచ్చిళ్ల కాడ మరకుంది. ఆరు వేలంటే ఎక్కువ. ఐదొందలు తగ్గించాల."

"ఒరే, ముందు తాళి కట్టరా."

"తగ్గిస్తానను, కడతాను."

రిమోట్ కోసం తడుముకున్నాను. అది సుజాత చేతిలో ఉంది. మూడుసార్లు వెనక్కి తిప్పి వింది.

ఆ చీర పద్దెనిమిది వేలని ఆవిడకు చెప్పినవాణ్ని నేనే. ఆవిడ దాన్ని తెల్లబట్టలో చుట్టి దాచి, వచ్చిన ప్రతి చుట్టానికీ ధరతో సహా చూపించేది.

"ఆరు వేలేటండీ?" అంది మెల్లగా.

"చివరికి ఐదున్నరకే ఇచ్చేడు," అన్నాను. అలవాటు.

శ్రీను లేచి చెప్పులు వెతుక్కుంటూ, "స్పీకర్లు మాత్రం బాగున్నాయి బావా," అన్నాడు.

సుజాత అరవలేదు. "ఆ మరక నావల్లే అయ్యిందనుకున్నాను. ఇన్నేళ్లూ మీకు కనపడకుండా మడత పెడతన్నాను," అంది.



మర్నాడు పొద్దున్నే చీరల కొట్టులో ఉన్నాం. ఆవిడ ఇరవై ఆరు వేల చీర తీసింది. "మీరు పాత ఖాతా కదమ్మా, ఎయ్యి తగ్గిస్తాను," అన్నాడు కొట్టాయన. నా ప్రాణం లేచొచ్చింది.

"తగ్గించకండి," అంది సుజాత.

పాఠకులారా, ఇకమీదట ఏ పెళ్లిపీటల మీద కూర్చున్నా బేరమాడనని మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను.

ఇక అసలు లెక్క. స్పీకర్లు ఇరవై రెండున్నర వేలు. చీర ఇరవై ఆరు వేలు. వద్దన్న తగ్గింపు వెయ్యి, అదీ ఖర్చు కిందే రాసుకున్నాను. వెరసి నలభై తొమ్మిదిన్నర వేలు. వైర్లు ఊరికే.